గడియారం సెంటర్‌లో జర్మన్ రాజవంశాల పాఠాలు: ఒక సమీక్ష

నల్లగొండ గడియారం సెంటర్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక మొబైల్ దుకాణం మీది అంతస్తులో ఉన్న శిక్షణ కేంద్రం ఈ ఏడాది ఆదివారాలలో ఒక కొత్త పాఠ్యక్రమాన్ని నడిపింది. పన్నెండు, పదమూడవ శతాబ్దాలలో జర్మన్ రాజ్యం కోసం, దానితో ముడిపడిన రోమన్ చక్రవర్తి పదవి కోసం తలపడిన రెండు కుటుంబాల చరిత్ర ఇందులోని విషయం. స్వాబియాను ఏలిన స్టౌఫెన్ వంశం ఒకటి, బవేరియాలోనూ ఆ తరువాత శాక్సనీలోనూ పాతుకుపోయిన వెల్ఫ్ వంశం మరొకటి. మొత్తం ఎనిమిది పాఠాలు, ఒక్కొక్కటి రెండు గంటలు. రుసుము 1,200 రూపాయలు. అందులోనే అచ్చు నోట్సు, గోడకు తగిలించుకునే వంశవృక్షపు పటం, ఫోనులో చూసుకునే రికార్డింగులు వస్తాయి. గ్రూప్స్‌కు చదివేవారికి దీనివల్ల ఒక్క మార్కు కూడా రాదని కేంద్రం వారు ముందే చెప్పారు, ఆ నిజాయితీకి వారిని అభినందించాలి. అయినా గది నిండింది. ఎం.ఏ. చరిత్ర విద్యార్థులు, ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు, దేవరకొండ, మిర్యాలగూడల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవారు అందులో ఉన్నారు.

ఇటువంటి విషయాన్ని బోధించేవారికి ఒక తేలిక దారి ఉంటుంది. రెండు కుటుంబాలు, తరతరాల పగ, ఒక కిరీటం అని మొదలుపెట్టి యుద్ధాలనూ హత్యలనూ వరుసగా చెప్పుకుంటూ పోతే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. కానీ ఆ రాజ్యంలో చక్రవర్తికి అధికారం ఎవరు ఇస్తే వచ్చేది, దానిని నిలుపుకోవడానికి ఆయన ఎవరికి ఏమి ఇచ్చుకోవలసి వచ్చేది, ప్రత్యర్థిని ఓడించిన ప్రతిసారీ ఆయన చేతిలోంచి ఏమి జారిపోయేది అన్నది చెప్పకపోతే ఆ పగకు అర్థం లేదు. ఈ పాఠ్యక్రమాన్ని నేను ఆ కొలతతోనే చూశాను. మొదటి సగం ఆ కొలతకు బాగా నిలిచింది, రెండవ సగం అక్కడక్కడ మాత్రమే నిలిచింది, వంశవృక్షపు పటం అసలు నిలవలేదు.

మొదటి పాఠాన్ని అల్లిన తీరు మెచ్చుకోదగినది. ఉద్యోగ విరమణ చేసిన కళాశాల ఉపన్యాసకులైన అధ్యాపకులు, వంశాల పేర్లు ఎత్తకముందే ఆ రాజ్యం ఎట్లా నడిచేదో వివరించారు. ఆ రాజుకు రాజధాని లేదు. రాజ్యమంతటా వసూలయ్యే పన్ను లేదు, జీతమిచ్చి ఏడాది పొడవునా నిలుపుకునే సైన్యమూ లేదు. ఆయన తన పరివారంతో ఒక రాజగృహం నుంచి మరొక రాజగృహానికీ, ఒక బిషప్ నగరం నుంచి ఒక మఠానికీ నిరంతరం తిరుగుతూ, పోయిన చోటల్లా తీర్పులు చెబుతూ, ఆతిథ్యాన్ని హక్కుగా పొందుతూ పాలించేవాడు. తండ్రి రాజైనంత మాత్రాన కొడుకు రాజు కాడు; పెద్ద ప్రభువులూ ఆర్చ్‌బిషప్పులూ కూడి ఎన్నుకోవాలి, ఆఖెన్‌లో కిరీటం పెట్టాలి, ఆ పైన ఆల్ప్స్ పర్వతాలు దాటి రోముకు వెళ్లి పోపు చేతుల మీదుగా మరొక కిరీటం పెట్టించుకుంటేనే ఆయన చక్రవర్తి. సొంత వంశపు భూములు, రాజరికపు భూములు, బిషప్పులూ మఠాధిపతులూ చేసే సేవ, ఈ మూడే ఆయన బలం కాబట్టి బిషప్పులను నియమించే హక్కు కోసం పోపుతో జరిగిన పోరాటం మతానికి మాత్రమే సంబంధించినది కాదని పాఠం స్పష్టం చేసింది.

ఆ పోరాటంలోంచే స్టౌఫెన్ వంశం పైకి వచ్చింది. 1076లో పోపు ఏడవ గ్రెగరీ జర్మన్ రాజు నాలుగవ హెన్రీని మతం నుంచి వెలివేశాడు. 1077 జనవరిలో హెన్రీ కనోస్సా కోట ముందు పశ్చాత్తప్తుడై నిలబడి ఆ వెలిని తొలగింపజేసుకున్నాడు. అయినా ఆ ఏడాదే ఎదురుపక్షపు ప్రభువులు ఫోర్క్‌హైమ్‌లో కూడి స్వాబియా డ్యూక్ (ఒక పెద్ద ప్రాంతాన్ని ఏలే ప్రభువు) రుడాల్ఫ్‌ను పోటీ రాజుగా ఎన్నుకున్నారు. తనపై తిరగబడిన డ్యూక్ స్థానంలో నమ్మకస్థుడు ఒకడు కావాలి కనుక హెన్రీ 1079లో ఫ్రెడరిక్ అనే ఒక ప్రభువుకు స్వాబియానూ, తన కూతురు ఆగ్నెస్‌నూ ఇచ్చాడు. రెండు వందల ఏళ్ల కథకు అదే విత్తనం. కనోస్సాను మంచులో నిలబడ్డ రాజు కథగా సాగదీయకుండా, ఈ జాగీరు దగ్గరికి తొందరగా తీసుకువచ్చినందుకు అధ్యాపకులను మెచ్చుకుంటాను.

ఈ పాఠంలోనే పానగల్లు ప్రస్తావన వచ్చింది. కల్యాణి చాళుక్యుల సామంతులుగా ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడులు, ఆ చాళుక్యుల పట్టు సడలిన కాలంలో కాకతీయుల చేతిలో దెబ్బతినడం, హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం ఆ ఓడినవారిలో భీముణ్ణీ చోడోదయుణ్ణీ పేరెత్తి చెప్పడం ఈ జిల్లా చరిత్ర చదివినవారికి తెలిసినవే. సరిగ్గా ఆ కాలంలోనే, 1162లో, స్టౌఫెన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ఇటలీలోని మిలాన్ నగరాన్ని నేలమట్టం చేయించాడు. పానగల్లు గుడి దగ్గర ఆడుకుని పెరిగిన పిల్లలకు కాలం ఇట్టే తలకెక్కింది, అందులో సందేహం లేదు. అయితే పోలిక అంతవరకే పనికివస్తుంది. గెలిచిన కాకతీయ రాజు రుద్రదేవుడు ఆ గెలుపును తన సామంతుల ముందు పెట్టి వారి ఒప్పుదల అడగవలసిన పని లేదు. బార్బరోసాకు అది తప్పని పని. ఆ తేడాను ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే, తరువాతి పాఠాలలో చాలామంది అడిగిన ప్రశ్నలు తప్పేవి.

రెండవ పాఠం మొత్తం పాఠ్యక్రమానికే తలమానికం. 1125లో నాలుగవ హెన్రీ కొడుకు ఐదవ హెన్రీ పిల్లలు లేకుండా చనిపోయాడు. ఆయన మేనల్లుళ్లు, అంటే ఆగ్నెస్ కొడుకులైన స్వాబియా డ్యూక్ ఫ్రెడరిక్, కాన్రాడ్, ఇక రాజ్యం తమదే అనుకున్నారు. అట్లా అనుకోవడమే వారికి కీడు చేసింది. ఎన్నికను నడిపించిన మైన్జ్ ఆర్చ్‌బిషప్ అడాల్బెర్ట్, వారసత్వాన్ని హక్కుగా భావించేవారికి కిరీటం దక్కకూడదని పట్టుబట్టి, శాక్సనీ డ్యూక్ లోథార్‌ను రాజును చేయించాడు. బవేరియా డ్యూక్‌గా ఉన్న వెల్ఫ్ వంశీయుడు నల్ల హెన్రీ, తన కూతురు జూడిత్‌ను ఆ స్వాబియా ఫ్రెడరిక్‌కే ఇచ్చినవాడు, అల్లుణ్ణి కాదని లోథార్ పక్షానికి వెళ్లాడు. ప్రతిఫలం దాచిపెట్టవలసినది ఏమీ కాదు: లోథార్ ఏకైక కుమార్తె గెర్ట్రూడ్ 1127లో ఆయన కొడుకు గర్విష్ఠి హెన్రీకి భార్య అయింది. మామ చనిపోతే బవేరియాతో పాటు శాక్సనీ, దానితో పాటు కిరీటం కూడా ఒకే ఇంటికి చేరుతాయన్నది లెక్క.

1137లో లోథార్ చనిపోయేనాటికి ఆ లెక్క సగం నిజమైంది. రెండు డ్యూక్ పదవులూ, రాజలాంఛనాలూ గర్విష్ఠి హెన్రీ చేతిలోనే ఉన్నాయి. అయితే అంత బలం ఉన్నవాణ్ణి రాజును చేసి నెత్తిమీద పెట్టుకోవడానికి మిగిలిన ప్రభువులు సిద్ధంగా లేరు. 1138 మార్చిలో కొద్దిమంది మాత్రమే కోబ్లెంజ్‌లో కూడి, పన్నెండేళ్ల కింద ఏ వంశాన్ని కాదన్నారో ఆ వంశపు కాన్రాడ్‌నే రాజుగా ఎన్నుకున్నారు. రెండు ఎన్నికలను పక్కపక్కన బోర్డు మీద రాసి, 1125లో స్టౌఫెన్లను తోసివేసిన కారణమే 1138లో వెల్ఫ్‌లను తోసివేసిందని అధ్యాపకులు చూపించిన తీరు నాకు బాగా నచ్చింది. ఓటర్లకు ఏ వంశం మీదా ప్రత్యేకమైన ప్రేమ లేదు. ఎవడు మరీ బలవంతుడో వాడు తప్ప మరెవరైనా వారికి సమ్మతమే. వెల్ఫ్‌ల నుంచి శాక్సనీని తీసి ఆల్బ్రెక్ట్ అనే ప్రభువుకూ, బవేరియాను తీసి తన తల్లి రెండవ వివాహపు సంతానమైన లియోపోల్డ్‌కూ కాన్రాడ్ ఇచ్చాడు. ఆ తరువాత 1140లో వెల్ఫ్‌ల వైన్స్‌బెర్గ్ కోట లొంగిపోయినప్పుడు, ఆడవారు మోయగలిగినంత సామాను తీసుకుపోవచ్చని రాజు అనుమతిస్తే వారు భర్తలను వీపుల మీద మోసుకుపోయారన్న కథ ఉంది. గదిలో అందరూ నవ్వారు. నవ్వులు బాగానే ఉన్నాయి గాని, ఆ కథకు ఇచ్చిన సమయంలో సగం కాన్రాడ్‌కూ వెల్ఫ్‌లకూ మధ్య 1142లో కుదిరిన రాజీకి ఇచ్చి ఉండవలసింది.

ఎందుకంటే ఆ రాజీ దగ్గరే వంశవృక్షపు పటం మనిషిని నట్టేట ముంచుతుంది. నాలుగు రంగులలో, మంచి ఆర్టు కాగితం మీద వేసిన ఆ పటంలో తండ్రి నుంచి కొడుకుకు గీతలు ఉన్నాయి గాని స్త్రీలు ఒక్కరూ లేరు. ఆగ్నెస్ లేదు కాబట్టి రాజ్యం మీద స్టౌఫెన్ల ఆశకు మూలం కనిపించదు; భర్త చనిపోయాక ఆమె ఆస్ట్రియాను ఏలే బాబెన్‌బెర్గ్ వంశానికి కోడలైందన్నది తెలియకపోతే, కాన్రాడ్ బవేరియాను ఆ వంశానికే ఎందుకు కట్టబెట్టాడో అర్థం కాదు. గెర్ట్రూడ్ లేదు కాబట్టి ఆమెకు గర్విష్ఠి హెన్రీ వల్ల పుట్టిన సింహం హెన్రీ బాలుడుగా ఉండగానే 1142లో శాక్సనీని ఏ హక్కుతో తిరిగి పొందాడో, అదే రాజీలో భాగంగా వితంతువైన అతని తల్లి బాబెన్‌బెర్గ్ హెన్రీని ఎందుకు పెళ్లాడిందో తెలియదు. అన్నిటికంటే పెద్ద లోపం జూడిత్ లేకపోవడం. 1152లో కాన్రాడ్ చనిపోయినప్పుడు ఆయన చిన్న కొడుకును పక్కనపెట్టి, అన్న కొడుకైన ఫ్రెడరిక్ బార్బరోసాను ఎన్నుకోవడానికి ఒక ముఖ్యమైన కారణం ఆయన తండ్రి స్టౌఫెన్, తల్లి వెల్ఫ్ కావడమే. రెండు గోడలను కలిపే మూలరాయిగా ఫ్రెడరిక్‌ను ఆయన చిన్నాన్న, ఫ్రైజింగ్ బిషప్ ఓటో వర్ణించాడు. గర్విష్ఠి హెన్రీ ఆయనకు మేనమామ. సింహం హెన్రీ మేనమామ కొడుకు. మన వైపు ఈ వరుసలు చెబితే చాలు, పాఠం సగం పూర్తయినట్లే. అటువంటిది, పటంలో ఆ ఇద్దరూ రెండు వేరు వేరు చెట్లకు వేలాడుతూ, ఎన్నడూ ఒకరి ముఖం ఒకరు చూడని పరాయివారిలా కనిపిస్తారు. ఈ విషయాన్ని కేంద్రం వారి దృష్టికి తీసుకువెళితే, పేర్లు ఎక్కువైతే పటం ఇరుకవుతుందని సమాధానం వచ్చింది. యుద్ధాల బొమ్మలకు కేటాయించిన కింది వరుస తీసివేస్తే కావలసినంత చోటు ఉంటుంది.

మూడవ పాఠం ఇటలీకి సంబంధించినది. బార్బరోసా ఆరుసార్లు ఆల్ప్స్ దాటి దక్షిణానికి దండెత్తడం, 1158లో రొంకాలియా సభలో సుంకాలు, నాణేలు, న్యాయాధికారుల నియామకం వంటివన్నీ చక్రవర్తి హక్కులేనని ప్రకటించడం, నగరాలు ఎదురుతిరగడం, 1167లో లొంబార్డ్ కూటమి ఏర్పడటం, ఆ ఏడాదే రోము దగ్గర సైన్యంలో ప్రబలిన జబ్బు వేలమందిని తీసుకుపోవడం అన్నీ క్రమంగా చెప్పారు. జర్మనీలో దొరకని నగదు ఆ ఇటలీ నగరాలలో ఉందన్న ముఖ్యమైన మాటను కూడా మరువలేదు. దీని గురించి ఇంతకంటే చెప్పవలసినది లేదు.

నాలుగవ పాఠం మాత్రం విడిగా చూడవలసినది. బార్బరోసా తన మేనమామ కొడుకుతో పాతికేళ్లు సఖ్యంగానే ఉన్నాడు. 1156లో బవేరియాను సింహం హెన్రీకి తిరిగి ఇప్పించాడు; దానిని వదులుకున్న బాబెన్‌బెర్గ్ హెన్రీ నొచ్చుకోకుండా ఆస్ట్రియాను కొత్త డ్యూక్ పదవిగా చేసి, అది కూతుళ్లకు కూడా సంక్రమించేటట్లు రాసిచ్చాడు. రెండు డ్యూక్ పదవులు, తూర్పు దిక్కున స్లావ్‌ల నుంచి గెలుచుకున్న నేలలు, 1168 నుంచి ఇంగ్లాండు రాజుకు అల్లుడన్న హోదా, బ్రన్స్‌విక్‌లో తన కోట ముందు నిలిపిన కంచు సింహం, వీటితో హెన్రీ దాదాపు మరొక రాజుగా బతికాడు. ఇద్దరికీ బంధువైన ఆరవ వెల్ఫ్ (బార్బరోసాకు మేనమామ, హెన్రీకి చిన్నాయన) కొడుకు 1167 నాటి జబ్బులో పోగా, ముసలితనంలో తన ఆస్తిని డబ్బుకు అమ్ముకోబోతే హెన్రీ చెల్లింపులో జాప్యం చేశాడు. బార్బరోసా వెంటనే రొక్కం ఇచ్చి ఆ ఆస్తిని తానే తీసుకున్నాడు. పెద్ద యుద్ధాల కంటే ఇటువంటి బేరాలే ఆ కాలపు రాజకీయాన్ని ఎక్కువగా చూపుతాయని నా అభిప్రాయం. ఈ ఒక్క సంగతికి అధ్యాపకులు పావుగంట ఇచ్చారు, వృథా పోలేదు.

1176లో ఇటలీ యుద్ధం చేయి దాటిపోతున్నప్పుడు చక్రవర్తి కియవెన్నాలో హెన్రీని కలిసి సైన్యం పంపమని వేడుకున్నాడు, వెండి గనులున్న గోస్లర్ ఇస్తేనే వస్తానని హెన్రీ అన్నాడు, బార్బరోసా ఇవ్వలేదు. చక్రవర్తి అక్కడ మోకరిల్లాడన్న మాట ఆ తరువాత రాసినవారి రాతలలో కనిపిస్తుంది. అది విని దేవరకొండ నుంచి వచ్చిన ఒక విద్యార్థిని, "సార్, చక్రవర్తే మోకాళ్ల మీద పడితే ఇగ ఆయన మాట ఎవరింటరు?" అని అడిగింది. "వినేటోళ్లను సంపాయించుకునుడే అక్కడ రాజు పని బిడ్డా" అని ఆయన జవాబిచ్చారు. మొత్తం పాఠ్యక్రమంలో నేను విన్న అత్యుత్తమమైన వాక్యం అదే. అచ్చు నోట్సులో ఎక్కడా లేదు.

ఆ ఏడాది మే 29న లెన్యానో దగ్గర బార్బరోసా ఓడిపోయాడు. 1177లో వెనిస్‌లో పోపుతో సంధి చేసుకుని, తిరిగివచ్చి హెన్రీ మీద చూపు నిలిపాడు. కారణం కియవెన్నా అవమానం ఒక్కటే అయితే కథ చాలా చిన్నది. హెన్రీ చేతిలో నలిగిన శాక్సనీ ప్రభువులూ బిషప్పులూ ఏళ్ల తరబడి చేస్తున్న ఫిర్యాదులను చక్రవర్తి అంతవరకు పట్టించుకోలేదు, ఇప్పుడు పట్టించుకున్నాడు. పిలిచిన సభలకు హెన్రీ రాలేదు, దానితో తీర్పు వెలువడింది. 1180 ఏప్రిల్‌లో గెల్న్‌హౌజెన్‌లో శాక్సనీని రెండుగా చీల్చి, పడమటి భాగమైన వెస్ట్‌ఫాలియాను కొలోన్ ఆర్చ్‌బిషప్‌కూ, మిగిలినదానిని ఆన్‌హాల్ట్ బెర్నార్డ్‌కూ ఇచ్చారు. బవేరియా ఆ సెప్టెంబరులో విటెల్స్‌బాఖ్ ఓటోకు దక్కింది, 1918 దాకా ఆ వంశంలోనే నిలిచింది. హెన్రీకి బ్రన్స్‌విక్, లూనెబర్గ్‌ల చుట్టూ ఉన్న సొంత పట్టా భూములు మాత్రమే మిగిలాయి. అతడు మామగారి రాజ్యానికి ప్రవాసం వెళ్లాడు.

ఇంత గెలిచిన చక్రవర్తి తన కోసం ఏమి ఉంచుకున్నాడు? ఆ రెండు డ్యూక్ పదవులలో ఒక్కటీ లేదు. ఫ్రాన్సు రాజు రెండవ ఫిలిప్, ఇంగ్లాండు రాజు జాన్ మీద అదే విధంగా తీర్పు చెప్పించి 1204లో నార్మండీని తన సొంత ఏలుబడిలో కలుపుకున్నాడు. బార్బరోసా అట్లా చేయలేకపోయాడు. తీర్పుకు తోడు వచ్చిన ప్రభువులకే ఆ భూమిని పంచవలసి వచ్చింది. అధ్యాపకులు ఈ పోలిక తెచ్చి, రెండు దేశాల దారులు అక్కడ ఎట్లా విడిపోయాయో చెప్పి పాఠం ముగించినప్పుడు, రుసుములో సగం ఆ రోజుకే చెల్లిపోయిందని అనిపించింది.

ఐదు, ఆరు పాఠాలు వేగంగా సాగుతాయి, సాగవలసిన వేగంతోనే. 1190లో బార్బరోసా మతయుద్ధానికి పోతూ సలెఫ్ నదిలో మునిగి చనిపోవడం, ఆయన కొడుకు ఆరవ హెన్రీ తన భార్య కాన్‌స్టాన్స్ హక్కు మీద సిసిలీని కోరడం, బందీగా దొరికిన ఇంగ్లాండు రాజు రిచర్డ్‌కు 1,50,000 మార్కుల వెండి విమోచన ధనంగా నిర్ణయించి అందులో 1,00,000 మార్కులు వచ్చిన తరువాతే విడవడం, ఆ వెండితో 1194లో సిసిలీని గెలవడం ఒకదానికొకటి చక్కగా కలిశాయి. జర్మన్ రాజరికాన్ని వంశపారంపర్యం చేయాలన్న ఆయన ప్రతిపాదనకు 1196లో ప్రభువులు చివరికి ఒప్పుకోలేదు. దాని బదులు ఆయన రెండేళ్ల కొడుకు ఫ్రెడరిక్‌ను రాజుగా ఎన్నుకుని సరిపెట్టారు. మరుసటి ఏడాదే హెన్రీ మెస్సినాలో మరణించాడు. దానితో 1198లో ఇద్దరు రాజులు తయారయ్యారు. హెన్రీ తమ్ముడైన స్టౌఫెన్ ఫిలిప్ దగ్గర అసలైన రాజలాంఛనాలు ఉన్నాయి గాని కిరీటధారణ మైన్జ్‌లో జరిగింది. సింహం హెన్రీ కొడుకు, రిచర్డ్ మేనల్లుడు అయిన ఓటో లాంఛనాలు లేకుండా సరైన చోట, ఆఖెన్‌లో, సరైన ఆర్చ్‌బిషప్ చేత కిరీటం పెట్టించుకున్నాడు. ఈ విచిత్రాన్ని అధ్యాపకులు ఎంతో ఉత్సాహంగా చెప్పారు. 1208లో బాంబెర్గ్‌లో ఫిలిప్ హత్య, ఓటో 1209లో చక్రవర్తి అయి మరుసటి ఏడాదికే పోపు మూడవ ఇన్నోసెంట్ చేత వెలివేయబడటం, 1214 జూలై 27న బువీన్ యుద్ధంలో ఫ్రాన్సు రాజు చేతిలో ఓడి కనుమరుగు కావడం ఆరవ పాఠంతో ముగుస్తాయి. ఫిలిప్ కూతురు బియాట్రిస్‌ను ఓటో 1212లో పెళ్లాడాడనీ, కొద్ది వారాలకే ఆమె చనిపోయిందనీ నోట్సులో ఉంది; పటంలో, ఊహించినట్లే, ఆమె లేదు.

ఏడవ పాఠం నన్ను నిరాశపరచింది. ఆరవ హెన్రీ కొడుకైన రెండవ ఫ్రెడరిక్ గురించి మాట్లాడేటప్పుడు అధ్యాపకులు మురిసిపోయారు, అది కొంత సహజమే. నేపుల్స్‌లో 1224లో విశ్వవిద్యాలయం స్థాపించి, 1231లో మెల్ఫీ శాసనాలు వెలువరించి, వెలివేయబడి ఉండగానే మతయుద్ధానికి వెళ్లి 1229లో సుల్తాన్ అల్ కామిల్‌తో ఒప్పందం చేసుకుని పెద్ద యుద్ధం లేకుండానే జెరూసలేమును పొందిన రాజు ఎవరినైనా ఆకట్టుకుంటాడు. అయితే ఈ రెండు గంటలలో సామ్రాజ్యం కనిపించకుండా పోయి ఒక మనిషి మాత్రమే మిగిలాడు. సిసిలీలో ఉద్యోగులను పెట్టి, చట్టాలు రాసి, పన్నులు వసూలు చేసిన అదే వ్యక్తి, జర్మనీలో 1220లో మతాధిపతులైన ప్రభువులకూ, 1232లో మిగిలిన ప్రభువులకూ నాణేలు, సుంకాలు, కోటలు, న్యాయస్థానాల మీది హక్కులను రాసిచ్చాడు. 1220 నుంచి 1235 వరకు ఆయన ఆల్ప్స్‌కు ఉత్తరాన అడుగుపెట్టలేదు. మొదటి పాఠంలో అంత ఓపికగా వేసిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. నోట్సులో అది ఒక్క పంక్తి, గదిలో ఆ పంక్తి కూడా వినిపించలేదు.

అంతకంటే ఆశ్చర్యం, 1235ను దాటవేయడం. ఈ పాఠ్యక్రమానికి విషయమైన పోరు ముగిసిన ఏడాది అది. ఆ వేసవిలో మైన్జ్ సభలో సింహం హెన్రీ మనుమడు ఓటో తన సొంత భూములను చక్రవర్తికి అప్పగించి, వాటినే బ్రన్స్‌విక్-లూనెబర్గ్ డ్యూక్ పదవిగా, జాగీరుగా తిరిగి పొందాడు. నూరేళ్ల వైరం ఒక కత్తి కూడా దూయకుండా, ఒక పత్రంతో తీరింది. వైన్స్‌బెర్గ్ ఆడవారికి దొరికిన సమయం ఈ ఓటోకు దొరకలేదు.

చివరి పాఠంలో 1245లో లియాన్ సభ ఫ్రెడరిక్‌ను పదవీచ్యుతుణ్ణి చేయడం మొదలుకొని 1356 దాకా రెండు గంటలలో పరుగెత్తారు. 1250లో ఆయన మరణం, 1257లో ఇంగ్లాండు రాజు తమ్ముడు రిచర్డ్‌నూ కాస్టీల్ రాజు అల్ఫోన్సోనూ రెండు పక్షాలు విడివిడిగా ఎన్నుకోవడం, 1268 అక్టోబరులో ఆయన మనుమడు, పదహారేళ్ల కాన్రాడిన్‌ను నేపుల్స్‌లో తల నరకడంతో స్టౌఫెన్ వంశం అంతరించడం, 1273లో హాబ్స్‌బర్గ్ రుడాల్ఫ్ రాజు కావడం, అన్నీ తేదీల వరుసగా మిగిలాయి. 1356 నాటి స్వర్ణముద్ర శాసనం ఎన్నికను ఏడుగురికి పరిమితం చేసిందని చెప్పి, ఏడుగురి పేర్లు బోర్డు మీద రాసి ఆపేశారు. ఆ జాబితాను నాలుగవ పాఠం పక్కన పెట్టి చూడవలసింది. కొలోన్ ఆర్చ్‌బిషప్ పదవి 1180లో వెస్ట్‌ఫాలియాను పొందినది. శాక్సనీ ఓటు బెర్నార్డ్ వంశానిది. రైన్ పాలటిన్ ఓటు విటెల్స్‌బాఖ్‌లది. సింహం హెన్రీని పడగొట్టినప్పుడు భూములు పంచుకున్నవారి వారసులు కూడా రాజును ఎన్నుకునే హక్కును శాశ్వతంగా తమ దగ్గర పెట్టుకున్నారు. వెల్ఫ్‌లకు ఆ ఏడింటిలో ఒక్కటీ దక్కలేదు, స్టౌఫెన్లు అప్పటికి లేనే లేరు. వెల్ఫ్‌లు ఆ హోదా కోసం 1692 దాకా ఆగవలసి వచ్చింది.

ఇక సామగ్రి సంగతి. నోట్సు భాష శుభ్రంగా ఉంది, కానీ ఒకే మనిషి ఒక పేజీలో హెన్రీ, మరొక పేజీలో హైన్‌రిష్ అవుతాడు. అరడజను హెన్రీలున్న కథలో ఇది చిన్న ఇబ్బంది కాదు. దేశపటాలు నలుపు తెలుపు జిరాక్సులు, స్వాబియాకూ బవేరియాకూ మధ్య గీత ఎక్కడుందో భూతద్దంతో వెతకాలి. రికార్డింగులలో అధ్యాపకుల గొంతు స్పష్టంగా వినిపిస్తుంది, అడిగినవారి ప్రశ్నలు వినిపించవు. మిగిలిన రుసుములో మంచి భాగం ఆ ప్రశ్నలకే చెల్లుతుంది కాబట్టి, వీలున్నవారు గదికి వెళ్లి కూర్చోవడమే మంచిది. వేసవిలో కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద రెండు ఫ్యాన్లే తిరుగుతాయి, కిటికీ పక్క వరుస కోసం పది నిమిషాలు ముందు రావాలి.

ఎం.ఏ. విద్యార్థులకూ, తరగతిలో ఐరోపా చరిత్ర చెప్పవలసిన ఉపాధ్యాయులకూ ఈ పాఠ్యక్రమాన్ని నేను సిఫారసు చేస్తాను. దూరం నుంచి వచ్చేవారు మొదటి నాలుగు పాఠాలకు తప్పక హాజరై, తక్కినవి రికార్డింగులలో చూసుకున్నా నష్టం తక్కువ. దసరా తరువాత మొదలయ్యే విడతలో చివరి పాఠాన్ని రెండు ఆదివారాలకు పెంచే ఆలోచన ఉందని కేంద్రం వారు చెబుతున్నారు. అందుకోసం రుసుము మరో 150 రూపాయలు పెంచినా ఇవ్వవచ్చు.